రక్తం కావాలని పోస్టు పెట్టే ముందు

హన్మకొండలో నాది ఫ్లెక్సీలు, శుభలేఖలు డిజైన్ చేసే చిన్న షాపు. "రక్తం కావాలి", "ఆపరేషన్‌కు సాయం చేయండి" అని పోస్టర్ అడిగితే పైసలు తీసుకోను. అట్ల మొదలై, ఇప్పుడు హన్మకొండ, కాజీపేట వాళ్లం కొంతమందిమి కలిసి ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాం. ఇన్నేళ్లలో ఏ పోస్టు పనికొస్తుందో, ఏది మనుషుల్ని తిప్పలు పెడుతుందో దగ్గర నుంచి చూశాను.

మెసేజ్ రాగానే ఫార్వర్డ్ కొట్టకండి. ముందు పేషెంట్ దగ్గరున్న మనిషికి ఫోన్ చేయండి. ఏ బ్లడ్ గ్రూపు, ఎన్ని యూనిట్లు, ఏ ఆస్పత్రిలో ఏ వార్డు, ఎప్పటిలోగా కావాలి, ఇవన్నీ ఎట్లాగూ అడుగుతారు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: రక్తమా, ప్లేట్‌లెట్లా? వానాకాలం డెంగ్యూ జ్వరాలప్పుడు ఎక్కువగా ప్లేట్‌లెట్లే అడుగుతారు. అవి ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు. రక్తంలోంచి ప్లేట్‌లెట్లను మాత్రమే తీసుకునే మెషీన్ మీద ఇవ్వాలంటే దాత గంటకు పైగా కూర్చోవాలి. ఒకసారి మేం రాయకపోవడం వల్ల పరకాల నుంచి ఒక తమ్ముడు బండి మీద వచ్చి, రక్తమే అనుకుని, డ్యూటీకి టైమవుతుందని వెనక్కి పోయాడు. తప్పు అతనిది కాదు, మా పోస్టుది.

ఇంకొకటి కూడా కనుక్కోండి. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు నిల్వ ఉంటే, పేషెంట్‌కు అది ఇచ్చి, దానికి బదులుగా వేరే గ్రూపు వాళ్లు ఇచ్చినా చాలాచోట్ల తీసుకుంటారు. అలాంటప్పుడు "ఏ గ్రూపు వారైనా రావచ్చు" అని రాయండి. ఆ ఒక్క మాటతో వచ్చేవాళ్లు పెరుగుతారు.

నేను డిజైనర్‌ని, అయినా చెబుతున్నాను: పోస్టర్ కన్నా మామూలు అక్షరాల మెసేజే మేలు. బొమ్మలో ఉన్న నంబరు నొక్కితే ఫోన్ కలవదు. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్లో బొమ్మ తెరుచుకోదు. మా గ్రూపులో ఇట్ల రాస్తాం:

"హన్మకొండ. బి నెగటివ్ రక్తం, 2 యూనిట్లు. (ఆస్పత్రి పేరు), రెండో అంతస్తు, ఆడవాళ్ల వార్డు. ఆగస్టు 12 మధ్యాహ్నం 2 గంటల లోపు. పేషెంట్ అన్న ఫోన్: (నంబరు). రాసింది ఆగస్టు 11 రాత్రి 9కి. ఆగస్టు 12 దాటితే ఎవరికీ పంపకండి."

ఆ చివరి వాక్యం కోసమే ఇదంతా రాస్తున్నాను. మొదట్లో నేను తేదీ లేకుండా "అర్జెంట్" అని ఎర్ర అక్షరాలతో ఒక పోస్టర్ చేశాను. ములుగు వైపు నుంచి వచ్చిన ఒక పిల్లగాడి కోసం. రెండు రోజుల్లో రక్తం దొరికింది. కానీ పిల్లగాడు దక్కలేదు. నాలుగు నెలల తర్వాత వాళ్ల నాయన మా షాపుకు వచ్చి, "సారూ, ఇంకా ఫోన్లు వస్తున్నయి, రక్తమిస్తమంటున్నరు, ఏం చెప్పాలె?" అని అడిగాడు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఆయన తన కొడుకు లేడని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను నా దగ్గర డిలీట్ చేస్తే అంతా పోయిందనుకున్నాను. వాట్సాప్‌లో అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకే ఉంటుంది. వేరేవాళ్లు ఫార్వర్డ్ చేసిన కాపీలు అప్పుడు కూడా పోవు. అందుకే గడువు మెసేజ్ లోపలే ఉండాలి.

ఫొటోల విషయంలో నా మాట గట్టిది. ఆక్సిజన్ గొట్టాలతో ఉన్న మనిషి ముఖం పెట్టకండి, పిల్లలదైతే అసలే వద్దు. రిపోర్టు పెట్టక తప్పకపోతే ఆధార్ నంబరు, అడ్రస్ కనబడకుండా కొట్టేయండి. రేపు ఆ మనిషి కోలుకుని బజారుకు పోవాలి కదా.

డబ్బు సాయమైతే మీ ఖాతాలోకి వేయించుకోకండి. పేషెంట్ ఇంటివాళ్ల యూపీఐ పెట్టి, డబ్బు పంపేటప్పుడు తెర మీద ఏ పేరు కనబడాలో అక్షరాల్లో కూడా రాయండి. ఎవరో క్యూఆర్ కోడ్ మార్చేసి పోస్టు తిప్పినా పేరు కలవదు కాబట్టి తెలిసిపోతుంది. "సాయం పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమే అని ఆ కుటుంబానికి ముందే చెప్పండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రక్తం ఇవ్వడానికి పైసలు అడిగేవాళ్లను కూడా నమ్మకండి. డబ్బుకు రక్తం అమ్మడం మన దేశంలో 1998 జనవరి 1 నుంచి నిషేధం.

2023 జులై వరదలప్పుడు నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. "సాయం చేయండి" అని మాత్రమే పోస్టు పెట్టాం. రెండు రోజుల్లో షాపు నిండా పాత బట్టలు. అక్కడి ఆడవాళ్లకు కావాల్సింది మాత్రం ప్యాడ్లు, పాల ప్యాకెట్లు, కొవ్వొత్తులు, టార్పాలిన్లు. మరునాడు పొద్దున లెక్కతో సహా రాశాం, "టార్పాలిన్లు 20, పాత బట్టలు ఇక వద్దు" అని. సాయంత్రానికి అడిగినవే వచ్చాయి.

పోస్టు అందరికీ తిప్పడం కన్నా ఒక్కరికి నేరుగా పంపడం బాగా పనిచేస్తుంది. వాట్సాప్ ఒక మెసేజ్‌ను ఒకసారికి ఐదు చాట్‌లకే పంపనిస్తుంది, చాలా తిరిగిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే. పైగా వందమంది ఉన్న గ్రూపులో ప్రతి ఒక్కరూ ఇంకెవరో పోతారులే అనుకుంటారు. "అన్నా, మీది బి నెగటివ్ కదా, రేపు పొద్దున వీలవుతుందా?" అంటే జవాబు వస్తుంది. దీనికోసం నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పేరు, గ్రూపు, ఊరు, చివరిసారి ఇచ్చిన తేదీ. రక్తమిచ్చేవాళ్లకు 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మళ్లీ ఇవ్వాలంటే మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు ఆగాలి.

అవసరం తీరగానే అదే గ్రూపులో "తీరింది, ఇక ఫోన్ చేయకండి" అని పెడతాను. ఫేస్‌బుక్‌లో అయితే పాత పోస్టునే ఎడిట్ చేసి పై వరుసలో రాస్తాను. తర్వాత రక్తమిచ్చిన మనిషికి ఫోన్ చేసి, యూనిట్ ఎక్కించారని చెప్పి, నోట్‌బుక్‌లో తేదీ మారుస్తాను.