ప్రోస్టేట్ గ్రంథి పెరిగినప్పుడు: మాత్రల నుంచి ఆపరేషన్ దాకా నా అనుభవం

68వ ఏట రాత్రికి నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తున్నా, వయసుతో వచ్చేదేనని రెండేళ్లు ఊరుకోవడం నేను చేసిన పొరపాటు. యూరాలజిస్టు వేలితో పరీక్షించి, స్కానింగ్, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానాన్ని పసిగట్టే పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించి, క్యాన్సర్ ఛాయలు లేవని, మగవారికి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రమార్గాన్ని నొక్కుతోందని చెప్పి, అక్కడి కండరాలను సడలించే టామ్‌సులోసిన్ 0.4 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. వారంలోనే ధార మెరుగుపడింది గాని, చటుక్కున లేస్తే కళ్లు తిరిగేవి. అందుకని మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవడం అలవాటు చేసుకున్నాను. గ్రంథిని కుదించే డ్యూటాస్టరైడ్‌ను కూడా జతచేస్తూ, దాని ఫలితం తెలియడానికి ఆరు నెలలు పట్టవచ్చని, అది పీఎస్‌ఏ అంకెను దాదాపు సగానికి తగ్గిస్తుంది గనుక ఇకమీదట చూసే ప్రతి డాక్టరుకూ ఆ మాత్ర సంగతి చెప్పాలని హెచ్చరించారు.

అంతలో జలుబు చేసి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్ర వేసుకున్న రాత్రే మూత్రం పూర్తిగా ఆగిపోయింది. పొత్తికడుపు రాయిలా గట్టిపడి, తెల్లవారుజామున ఆసుపత్రిలో గొట్టం వేస్తే గాని ప్రాణం కుదుటపడలేదు. కొన్ని జలుబు మందులు మూత్రాశయపు మెడను బిగించేస్తాయి. ఈ జబ్బున్నవారు దయచేసి డాక్టరును అడగకుండా వాటిని వాడవద్దు.

గొట్టం తీశాక మళ్లీ ఆగిపోవడంతో, పైన కోత లేకుండా మూత్రమార్గం గుండానే గ్రంథిని చెక్కి తీసే టర్ప్ ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. వీర్యం వెనక్కి మూత్రాశయంలోకి పోవచ్చునని ముందే చెప్పారు. కొన్ని వారాలు మంట, అప్పుడప్పుడు రక్తపు చార ఉన్నాయి. ఇప్పుడు రాత్రికి ఒక్కసారే లేస్తున్నాను.