పార్టీలకు ప్రభుత్వ సొమ్ము: ఆ చట్టాన్ని ఎలా చదవాలి

నేను ఆడిటర్‌ని. పార్టీలకు ఖజానా నుంచి డబ్బివ్వడం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, ముందు ఆ దేశపు చట్టం చూపించమంటాను.

మొట్టమొదట, పార్టీ ఆదాయంలో ప్రభుత్వ వాటా ఎంతో చూడండి. ఒకసారి ఒక పార్టీ లెక్కలు నా దగ్గరికొచ్చాయి. సభ్యత్వ రుసుముల పేజీ ఏళ్ల తరబడి ఖాళీ. అయినా ఆఫీసు హాయిగా నడుస్తోంది. జనం దగ్గరికి వెళ్లి చందా అడగాల్సిన పనే లేని పార్టీ, వాళ్ల మాట ఎందుకు వింటుంది? ఆ పేజీ నాకిప్పటికీ గుర్తే. పాత పార్టీలు కుమ్మక్కై ప్రభుత్వ సొమ్ము మీద బతకడాన్ని కాట్జ్, మెయిర్ అనే పరిశోధకులు 1995లో ‘కార్టెల్ పార్టీ’ అన్నారు.

అందుకే జర్మనీ పద్ధతి నాకు నచ్చుతుంది. పార్టీ సొంతంగా రాబట్టుకున్న దానికి మించి ప్రభుత్వం ఇవ్వకూడదు. ఒక మనిషి ఏడాదికిచ్చే చందాలో 3,300 యూరోల దాకా, ప్రతి యూరోకీ 45 సెంట్లు ప్రభుత్వం కలుపుతుంది. కాబట్టి చిన్న చందాల కోసం తిరగడం పార్టీకే లాభం. అన్ని పార్టీలకూ కలిపి ఏటా ఇచ్చే సొమ్ము పరిమితిని 2018లో పార్లమెంటు 19 కోట్ల యూరోలకు పెంచుకుంటే, 2023లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. మీరు చదివే చట్టంలో అలా అడ్డుకునేవాళ్లు ఎవరున్నారో వెతకండి.

తర్వాత అర్హత. జర్మనీలో పార్లమెంటులో అడుగుపెట్టాలంటే మామూలుగా 5 శాతం ఓట్లు కావాలి, నిధులకు మాత్రం 0.5 శాతం చాలు. సీట్లున్నవాళ్లకే డబ్బంటే కొత్త పార్టీకి తలుపు మూసినట్టే. మెక్సికోలో 30 శాతం సమానంగా, 70 శాతం ఓట్లను బట్టి పంచుతారు.

పెద్ద విరాళాలకు పగ్గం ఉందా అన్నది కూడా చూడాలి. 2004లో కెనడా ఓటుకు 1.75 డాలర్ల చొప్పున ఇవ్వడం మొదలుపెడుతూ, పార్టీలకు కంపెనీల, కార్మిక సంఘాల విరాళాలు ఆపేసింది. అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి ప్రభుత్వ నిధి తీసుకుంటే ఖర్చుకు పరిమితి ఉంటుంది, కానీ తీసుకోవడం అతని ఇష్టం. 2008లో ఒబామా వద్దనేసి, విరాళాలతోనే పోటీ చేశారు.

చివరగా ఇటలీ. 1993 రెఫరెండంలో 90 శాతానికి పైగా ఓటర్లు పార్టీలకు ప్రభుత్వ నిధులు వద్దన్నారు. కొద్దికాలానికే అదే సొమ్ము ‘ఎన్నికల ఖర్చుల రీయింబర్స్‌మెంట్’ పేరుతో తిరిగొచ్చింది. నిధులు రద్దయ్యాయని విన్నా సరే, మరుసటి ఏడాది బడ్జెట్ పద్దులు ఒక్కొక్కటీ చదవండి.