సెలవులు మొదలయ్యేలోపు: కుర్రాళ్ల గొడవలు ఆపబోయే పెద్దలకు కొన్ని జాగ్రత్తలు

పోయిన వారం పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు తొడలో దిగిన ఒక్క కత్తిపోటుకు చనిపోయాడు. పొడిచినవాడికి పదిహేడు. "చంపాలనుకోలేదు, తొడలో అయితే ఏమీ కాదనుకున్నా" అన్నాడట. అంతకు నాలుగు రోజుల ముందే పెద్దలు వాళ్లిద్దరికీ రాజీ చేశారు. ఇరవై మంది ఎదుట నిలబెట్టి చిన్నవాడి చేత క్షమాపణ చెప్పించారు. వార్త చదివినవాళ్లంతా కత్తి గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఆ రాజీ దగ్గరే ఊపిరాడలేదు.

ఇంకో రెండు వారాల్లో సెలవులు. బడి ఉండదు, కాలేజీ ఉండదు, రాత్రి పదకొండు దాటినా వీధి చివర గుంపులు కదలవు. ఏటా ఈ రోజుల్లోనే మా యువజన సంఘానికి అర్ధరాత్రి ఫోన్లు ఎక్కువ. పిల్లల్ని ఓ కంట కనిపెట్టండి, చదువుకోమని చెప్పండి లాంటివి ఇక్కడ రాయను, అవి మీకు తెలిసినవే. ఆపడానికి వెళ్లిన మన వల్లే ఒక ప్రాణం పోకుండా ఏం చూసుకోవాలో అదే రాస్తాను.

అన్నిటికన్నా ముందు

నలుగురిలో నిలబెట్టి ఎవరి చేతా తప్పు ఒప్పించకండి.

పన్నెండేళ్ల క్రితం అలాంటి రాజీలో నేనూ కూర్చున్నాను. రెండు వీధుల కుర్రాళ్లను ఒక హాల్లోకి పిలిపించాం. మాటా మాటా పెరిగి చెంపదెబ్బ కొట్టిన కుర్రాడికి పదహారేళ్లు. కొట్టిన మాట నిజమే కాబట్టి అందరం కలిసి వాణ్ణి వంచాం. అవతలివాడి కాళ్లు పట్టుకున్నాడు. వెనక వరసలోంచి ఎవడో ఫోన్లో తీశాడు. "పెద్దవాళ్ల మాట విన్నావు, మంచోడివిరా" అని నేనే వాడి భుజం తట్టి పంపించాను. వాడు ఇల్లు చేరేలోపే ఆ వీడియో వాడి వీధికి చేరింది. తొమ్మిదో రోజు రాత్రి కత్తి పట్టుకుని వెళ్లాడు. అవతలి కుర్రాడు బతికాడు గానీ ఒక చెయ్యి ఇక పనిచేయదు. కాళ్లు పట్టుకున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉందో నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. నేను దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాను.

తర్వాత ఇలాంటివి ఇంకో మూడు చూశాను. మూడూ ఒకే తీరు.

ఆ వయసు కుర్రాడికి ఉద్యోగం లేదు, డబ్బు లేదు, ఇంట్లో మాట చెల్లదు. తోటివాళ్లలో ఉన్న పేరొక్కటే వాడి ఆస్తి. దెబ్బలు తిని ఊరుకుంటాడు, దెబ్బలు తిన్నాడని నలుగురికీ తెలిస్తే ఊరుకోలేడు. ఆ పేరును మనం నలుగురిలో లాక్కుంటే, నలుగురికీ తెలిసేలాగే తిరిగి తెచ్చుకోవాలని చూస్తాడు. అందుకు వాడికి తెలిసిన దారి ఒక్కటే.

గ్యారీ స్లట్కిన్ అనే అమెరికన్ వైద్యుడు ఆఫ్రికాలో క్షయ, కలరా, ఎయిడ్స్ మీద ఏళ్ల తరబడి పనిచేసి తిరిగి వచ్చాక, చికాగోలో కాల్పులు కూడా అంటురోగం లాగే ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నాయని గమనించాడు. ఒక దెబ్బకు బదులు ఇంకో దెబ్బ, దానికి బదులు మరొకటి. 2000లో అక్కడి ఒక పేద ప్రాంతంలో మొదలైన ఆయన పథకంలో తర్వాత వీధి గొడవలకు అడ్డుపడే మనుషుల్ని పెట్టారు. వాళ్లు అదే వీధుల్లో పెరిగినవాళ్లు, చాలామంది జైలుకు వెళ్లొచ్చినవాళ్లు. తీర్పులు చెప్పరు. రగిలిపోతున్న కుర్రాణ్ణి స్నేహితుల గుంపులోంచి పక్కకు తీసుకెళ్లి ఒంటరిగా మాట్లాడతారు, వేడి చల్లారేదాకా వదలరు. దగ్గరివాడికి గాయమైన రాత్రే ఆసుపత్రికి చేరుకుంటారు.

మీరూ అలాగే చేయండి. ఇద్దరితో విడివిడిగా, వేర్వేరు చోట్ల మాట్లాడండి. ఎదురెదురుగా కూర్చోకుండా పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఇంకా మంచిది. మొదటి రాత్రి "ఎవరు మొదలుపెట్టార్రా" అని అడగకండి. "ఈ రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని అడగండి. వాడికి తోటివాళ్లకు చెప్పుకోవడానికి ఒక సాకు ఇవ్వండి: "అన్న వచ్చి బతిమాలాడు", "అమ్మ ఒట్టు వేయించుకుంది", ఏదైనా సరే. వెనక్కి తగ్గినా పరువు పోలేదని వాడికి అనిపించాలి. క్షమాపణ అవసరమే అయితే వారాల తర్వాత, ఇద్దరూ నమ్మే ఒక్క మనిషి ఎదుట, వాడంతట వాడు చెప్పాలి.

స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో ముఠా కుర్రాళ్లందరినీ ఒక్కచోటికి పిలిచే కదా మార్చారు అని కొందరు అడుగుతారు. నిజమే. కేరిన్ మెక్‌క్లస్కీ, జాన్ కార్నోకన్ అనే ఇద్దరు పోలీసు శాఖలో 2005లో మొదలుపెట్టిన హింస తగ్గింపు విభాగం, 2008లో కుర్రాళ్ల ముఠాలను కోర్టు హాలుకు పిలిచింది. వాళ్లు అక్కడ ఒక సర్జన్ మాటలు, కొడుకు మీద దాడి జరిగిన తల్లి మాటలు విన్నారు. ఇది ఆపకపోతే ముఠా మొత్తం మీద కేసులు పడతాయని పోలీసులు చెప్పారు. మానేయాలనుకుంటే ఫోన్ చేయమని ఒక నంబరు ఇచ్చారు. గమనించండి, ఎవరి చేతా కాళ్లు పట్టించలేదు. ఇంటికెళ్లి ఒంటరిగా నిర్ణయించుకునే వీలు ప్రతివాడికీ ఇచ్చారు. అది వేరు, మనం చేసే పంచాయితీ వేరు.

సెలవులకు ముందే

వీధి కుర్రాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. బోస్టన్‌లో 1990ల్లో లెక్క తీస్తే, నగరంలోని యువకుల్లో ఒక్క శాతం కూడా లేని ముఠా కుర్రాళ్ల చుట్టూనే యువకుల హత్యల్లో కనీసం 60 శాతం తిరుగుతున్నాయి. మీ వాడలోనూ నిజంగా ప్రమాదంలో ఉన్నవాళ్లు పది పన్నెండు మందే ఉంటారు. వాళ్ల పేర్లు మీ బుర్రలో ఉండాలి, కాగితం మీద కాదు. కాగితం ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.

ఆ పది మందికి సెలవుల్లో జీతం వచ్చే పని చూడండి. చికాగోలో 2012లో హింస ఎక్కువగా ఉన్న బడుల్లో చదివే 1,634 మంది మీద ఒక పరీక్ష జరిగింది. లాటరీ వేసి కొందరికి ఎనిమిది వారాల పాటు వేసవి పని ఇచ్చారు. తర్వాతి పదహారు నెలల్లో హింసాత్మక నేరాల కింద అరెస్టులు, పని దొరకనివాళ్లతో పోలిస్తే వీళ్లలో 43 శాతం తక్కువ. ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం పని అయిపోయాక వచ్చింది. అంటే కేవలం ఖాళీ లేకపోవడం వల్ల వచ్చిన మార్పు కాదది. పై మనిషి మందలిస్తే ఎలా తీసుకోవాలో, కోపం వస్తే ఎలా దిగమింగాలో అక్కడ నేర్చుకుని ఉంటారని నా నమ్మకం.

చికాగోలోనే బడి పిల్లల కోసం నడిచే ఇంకో శిక్షణలో ఒక ఆట ఉంది. ఒకడి చేతిలో బంతి పెడతారు. ముప్పై సెకన్లలో దాన్ని తీసుకోమని రెండోవాడికి చెబుతారు. పిల్లలు పెనుగులాడతారు, వేళ్లు విరుస్తారు. అయ్యాక గురువు అడుగుతాడు: "ఇవ్వమని ఎందుకు అడగలేదు?" అడిగితే ఇచ్చేవాణ్ణేనని బంతి పట్టుకున్నవాడు అంటాడు. మా కుర్రాళ్లతో ఆడించాను. ఒక్కడు కూడా అడగలేదు. తర్వాత చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. మీరూ ఆడించండి, ఉపన్యాసం ఇవ్వకండి.

ఖాళీ స్థలాల్లో చెత్త తీయించండి. ఫిలడెల్ఫియాలో పాడుబడ్డ స్థలాలను శుభ్రం చేసి గడ్డి, మొక్కలు వేస్తే పేద వాడల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది.

భయపెడితే మారతారని పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి చూపించకండి. అమెరికాలో 1970ల నుంచి చేసి చూశారు. వెళ్లొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ నేరాలు చేశారని పరిశోధనలన్నీ కలిపి చూస్తే తేలింది.

గొడవ జరిగిన రాత్రి

కత్తి దిగి ఉంటే లాగకండి. దాని చుట్టూ గుడ్డతో గట్టిగా అదమండి. కత్తి లేకపోతే గాయం మీదే మీ బరువంతా వేసి నొక్కండి, ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడకండి. అంబులెన్సుకు ఫోన్ ముందు, ఇంట్లోవాళ్లకు తర్వాత. తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగితే నిమిషాల్లో మనిషి పోతాడు. ఈ ఒక్క మాట ప్రతి కుర్రాడికీ ముందే చెప్పండి. "కాలికే కదా", "పిర్రకే కదా" అనుకుని పొడిచేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒంట్లో కత్తి దింపడానికి క్షేమమైన చోటంటూ లేదు.

ఆసుపత్రి దగ్గర గుంపును చేరనివ్వకండి. పగ పుట్టేది ఆ వరండాలోనే. గాయపడ్డవాడి దగ్గరి స్నేహితులు ముగ్గురో నలుగురో ఉంటారు, ఆ రాత్రి వాళ్లను ఒక్క క్షణం కూడా వదలకండి. పోలీసుల కంటే, డాక్టర్ల కంటే మీ అవసరం వాళ్లకే ఎక్కువ.

మళ్లీ చెబుతున్నాను. ఆ రాత్రి, మర్నాడు, ఆ వారమంతా, ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టకండి. "ఇప్పుడే తేల్చేద్దాం" అనే పెద్దమనిషి ఒకడు తప్పకుండా వస్తాడు. చేతులు పట్టుకుని బయటికి తీసుకెళ్లండి.

ఆయుధం కనబడితే మధ్యలోకి దూరకండి. పోలీసులకు ఫోన్ చేయండి.

ఒంటరిగా వెళ్లకండి. తాగినవాడితో మాట్లాడకండి, తెల్లారాక మాట్లాడండి.

వీడియో తీయనివ్వకండి. ఎవడైనా తీస్తే అక్కడికక్కడే ఫోన్లోంచి చెరిపించండి. మీ ఫోన్‌కు వస్తే ఎవరికీ పంపకండి, "చూడండి ఎంత ఘోరమో" అని కూడా పంపకండి.

స్టేటస్‌లు చూడండి. "చూసుకుందాం" అని పెట్టినవాడి కంటే, రోజూ పెట్టేవాడు అకస్మాత్తుగా ఆపేస్తే ఎక్కువ భయపడండి.

గొడవకు మూలం అమ్మాయి అని తెలిస్తే ఆ అమ్మాయి పేరు మీ నోట రానివ్వకండి.

ఒకడు చెప్పిన మాట రెండోవాడికి మోయకండి. ఒక్కసారి మోస్తే మీ పని అక్కడితో సరి.

"నీ తమ్ముడే నీ కంటే నయం" అనకండి. పోల్చకండి. తండ్రిని పిలిపించి వాడి స్నేహితుల ఎదుట కొట్టించకండి. అదీ నలుగురిలో నిలబెట్టడమే.

బడిలో అసెంబ్లీలో లేపి క్షమాపణ చెప్పించడమూ అదే. గ్రూపులో పేరు పెట్టి మందలించడమూ అదే. పోలీసు స్టేషన్లో అందరి ముందు గుంజీలు తీయించడమూ అదే. రూపం మారుతుంది, వాడి లోపల జరిగేది మారదు.

చనిపోయిన కుర్రాడి ఫోటోలతో ఊరేగింపు పెడతామంటే ఆపండి. ఆ తల్లికి కావలసింది మీరు పక్కన కూర్చోవడం. ఏడాది తిరిగే రోజు ఎప్పుడో గుర్తుపెట్టుకోండి, ఆ రోజు మళ్లీ రగులుతుంది.

వీధి చల్లబడిందని మానేయకండి. బోస్టన్‌లో ముఠా కుర్రాళ్లతో నేరుగా మాట్లాడి హత్యలు ఆపడానికి 1996లో మొదలైన పనితో నెలవారీ యువకుల హత్యలు 63 శాతం తగ్గాయి. 2000లో వదిలేశారు. హత్యలు మళ్లీ పెరిగాయి, 2007లో తిరిగి మొదలుపెట్టుకోవాల్సి వచ్చింది.

రాత్రి ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి. మోగితే ఎత్తండి. వెళ్లండి, ఇద్దరుగా వెళ్లండి. వెళ్లగానే ముందు చుట్టూ చేరిన జనాన్ని పంపించేయండి, ఆ తర్వాతే వాడితో నోరు విప్పండి.