అనంతపురం నుంచి ఢిల్లీకి టైం లోడు: పచ్చి సరుకు లారీని వేళకు చేర్చడం ఎలా?

బాడుగతో పాటు చేరాల్సిన వేళ కూడా ముందే మాట్లాడుకున్న లోడును టైం లోడు అంటారు. అనంతపురం మార్కెట్ యార్డులో ఎత్తే చీనీ (బత్తాయి) కాయలు, కక్కలపల్లి టమోటా, పులివెందుల వైపు అరటి, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. సరుకు పచ్చిది. ఒక పూట ఆలస్యమైతే మార్కెట్లో ధర పడుతుంది, బాడుగలో కోత పడుతుంది, అడుగున ఉన్న కాయ మెత్తబడుతుంది.

కొత్తగా టైం లోడు పట్టే డ్రైవర్లు చాలామంది ఆలస్యాన్ని వేగంతో సరిచేయాలని చూస్తారు. ఆ లెక్క కుదరదు. 300 కిలోమీటర్ల దూరాన్ని గంటకు 70తో కాకుండా 80తో పోతే మిగిలేది 32 నిమిషాలే. ఒక్క పంచరుకు అంతకన్నా ఎక్కువే పోతుంది. ఎలాగూ నాలుగు వరుసల రోడ్డు మీద సరుకు లారీకి చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం 80. కాబట్టి టైం కలిసిరావాలంటే అనుకోకుండా ఆగే ఆగుళ్లను తగ్గించుకోవాలి. ఆ పని బండి కదలకముందే మొదలవుతుంది.

టైం లెక్క వెనక నుంచి వేయండి

అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీకి (పండ్లు, కూరగాయల టోకు మార్కెట్‌కు) 44వ జాతీయ రహదారి మీద సుమారు 1,900 కిలోమీటర్లు. హైదరాబాద్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా మీదుగా దారి. కడప నుంచి వచ్చేవాళ్లు నంద్యాల మీదుగా కర్నూలులో ఈ రోడ్డు ఎక్కుతారు.

బయలుదేరే ముందు మండీలో సరుకు దించుకునే ఏజెంటుకు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: వేలం ఎన్నింటికి మొదలవుతుంది, ఆ దారిలో పెద్ద లారీలను ఎప్పుడు వదులుతున్నారు. నో ఎంట్రీ వేళలు, చలికాలంలో కాలుష్యం పెరిగినప్పుడు పెట్టే ఆంక్షలు మారుతూ ఉంటాయి. పోయినసారి తెలిసిన వేళను నమ్ముకోవద్దు.

రాత్రి 11 తర్వాతే వదులుతున్నారని చెప్పారనుకోండి. అప్పుడు మీరు మూడో రోజు రాత్రి 10కి ఢిల్లీ అంచుకు చేరితే చాలు. మొదటి రోజు సాయంత్రం 7కి అనంతపురంలో కదిలితే చేతిలో 51 గంటలు ఉంటాయి. నడిచే వేగం సగటున 50 పట్టుకుంటే 1,900 కిలోమీటర్లకు 38 గంటలు. మిగిలిన 13లో రాత్రి నిద్రకు రెండుసార్లు మూడేసి గంటలు, తిండికి, టైర్లు చూసుకోవడానికి, డీజిల్‌కు నాలుగు గంటలు, అనుకోని దానికి మూడు గంటలు. ఈ లెక్క వేసుకోనివాళ్లే రెండు రాత్రులూ నిద్ర మానుకుని మధ్యాహ్నం రెండుకు ఢిల్లీ అంచుకు చేరి, అక్కడ ఎండలో తొమ్మిది గంటలు లారీ ఆపుకుంటారు. లోపల సరుకు ఉడుకుతూ ఉంటుంది.

బండిని చూసుకోవడం

లోడు ఎక్కించకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలవండి. టైరు పూర్తి బరువు మోయడానికి ఎంత గాలి కావాలన్నది దాని పక్క మీద అచ్చు వేసి ఉంటుంది. చాలా లారీ రేడియల్ టైర్లకు అది 110 నుంచి 125 పీఎస్ఐ మధ్య ఉంటుంది. దారిలో వేడెక్కిన టైరులో గాలి పెరిగిందని తీసేయకూడదు. చల్లారాక అది తక్కువైపోతుంది, గాలి తక్కువైన టైరు పక్కలు మడతపడి మరింత వేడెక్కి పగులుతుంది. వెనక జోడు టైర్లలో లోపలిదాన్ని ఎవరూ చూడరు. ఇనుప రాడ్డుతో కొట్టి చూడండి: గాలి నిండుగా ఉంటే రాడ్డు గట్టిగా ఎగిరి ‘టంగ్’మంటుంది, తగ్గి ఉంటే ‘దబ్’మని మొద్దుగా వస్తుంది. రెండు టైర్ల సందులో ఇరుక్కున్న రాయిని అప్పుడే తీసేయండి. వేగంలో అది టైరును కోస్తుంది, లేదా వెనక వచ్చేవాడి అద్దం మీదికి ఎగురుతుంది.

బ్రేకులకు గాలినిచ్చే ఎయిర్ ట్యాంకుల కింది వాల్వు తెరిచి నీళ్లు వదిలేయండి. ఇంజన్ ఆపి, బ్రేకు తొక్కిపట్టి మీటరు చూడండి. ముల్లు దిగుతూనే ఉంటే ఎక్కడో గాలి పోతోంది, బండిని కదపకండి.

బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లకు డీజిల్‌తో పాటు యాడ్‌బ్లూ కూడా చూసుకోవాలి, పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం అది. అది అయిపోతే ఇంజన్ శక్తి తనంతట తానే తగ్గిపోతుంది, బండి ఎత్తు రోడ్డు ఎక్కదు. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున ఈ ట్రిప్పుకు 475 లీటర్ల డీజిల్ అనుకుంటే, అందులో నాలుగైదు శాతం, అంటే 19 నుంచి 24 లీటర్ల యాడ్‌బ్లూ పడుతుంది. రోడ్డు పక్కన డబ్బాల్లో తక్కువ ధరకు అమ్మేది పోయించకండి. కల్తీదైతే సెన్సార్లు పాడై మధ్యలో నిలబెడుతుంది.

పెట్టెలో ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ పైపు, హోస్ క్లిప్పులు, బల్బులు, ఫ్యూజులు, టార్చి, చక్రాల కింద పెట్టే చెక్కలు, మెరిసే త్రికోణం, మంటలార్పే సిలిండరు ఉండాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు కాదు. కానీ సివనీ అడవిలో అర్ధరాత్రి బెల్టు తెగితే, అది చేతిలో ఉన్నవాడు అరగంటలో కదులుతాడు, లేనివాడు తెల్లవారి షాపు తెరిచేదాకా కూర్చుంటాడు.

లోడు ఎక్కించడం

ముందు ఖాళీ బండిని, తర్వాత నిండు బండిని కాటా వేయించి రెండు చీటీలూ దగ్గర పెట్టుకోండి. పది టైర్ల లారీకి బండితో కలిపి అనుమతించిన బరువు 28.5 టన్నులు. మీ బండికి ఎంతో ఆర్‌సీలో ఉంటుంది, అదే లెక్క. మీరితే 20,000 రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. దానికి తోడు ఎక్కువ సరుకు అక్కడే దించమంటారు. పచ్చి సరుకును రోడ్డు పక్కన దించడమంటే దాన్ని పారేసుకోవడమే. యజమాని, బ్రోకరు ఎంత ఒత్తిడి చేసినా ‘కాదన్నా’ అనాల్సిన చోటు ఇదే.

చీనీ విడిగా పోసే లోడైతే అడుగున, పక్కల వరిగడ్డి మందంగా పరిపించండి. గడ్డి చేత్తో పిడికిట పట్టి నలిపి చూడండి. పొడిగా పెళపెళలాడాలి. తడి తగిలితే ఆ గడ్డి వద్దు, రెండు రోజుల వేడికి బూజు పట్టి కాయకు అంటుతుంది. వాన పడ్డ రోజు కోసిన కాయ త్వరగా కుళ్లుతుంది, అలాంటిది ఎక్కిస్తే రసీదు మీద ఆ మాట రాయించుకోండి. టమోటా బాక్సుల్లో అయితే వరుసల మధ్య గాలి పోయే సందు ఉండాలి, అంచు దాటి కాయ పైకి తేలకూడదు. తేలితే పైబాక్సు బరువంతా ఆ కాయ మీదే పడుతుంది.

పట్టను (టార్పాలిన్‌ను) పైన బిగించి, వాన లేనప్పుడు పక్కలు కొంచెం ఎత్తి కట్టండి. పూర్తిగా కప్పేస్తే లోపలి ఆవిరి పట్టకు తగిలి నీళ్లై మళ్లీ కాయ మీదే కారుతుంది. మొదటి 50 కిలోమీటర్లలో సరుకు సర్దుకుని తాళ్లు వదులవుతాయి. గుత్తి చేరేలోపు ఒకసారి ఆపి అన్నీ మళ్లీ బిగించాలి.

కాగితాలు

ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), నేషనల్ పర్మిట్, పొల్యూషన్, లైసెన్సు: వీటి గడువు తేదీలు తిరిగొచ్చే రోజు వరకు ఉన్నాయేమో చూడండి, బయలుదేరే రోజు వరకు ఉంటే చాలదు. తాజా పండ్లు, కూరగాయలకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) అక్కర్లేదు, సరుకు రసీదు మాత్రం ఉండాలి. వచ్చేటప్పుడు వేరే సరుకు ఎత్తితే 50,000 రూపాయలు దాటిన విలువకు ఈ-వే బిల్లు కావాలి. ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. బండి చెడి సరుకును వేరే బండికి మారిస్తే, కొత్త బండి నంబరు అందులో ఎక్కించాకే కదలాలి. ఢిల్లీలోకి పోయే సరుకు బండ్లకు అక్కడి ప్రవేశ రుసుము కట్టే ఆర్ఎఫ్ఐడీ ట్యాగు వేరుగా ఉండాలి, అది ఫాస్టాగ్ కాదు. ఫాస్టాగ్‌లో డబ్బు కసేపల్లి టోల్ దగ్గర కాదు, ఇంట్లోనే వేసుకోండి.

దారిలో

ఈ లోడుకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. ఒక్కడే ఉంటే ఈ లోడు పట్టకండి. నాలుగు గంటలకోసారి చేతులు మారండి. మనిషి ఒంటికి నిద్ర బలంగా వచ్చేది తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య, మళ్లీ మధ్యాహ్నం రెండు, మూడింటికి. అందుకే పైన లెక్కలో నిద్రకు పెట్టిన మూడేసి గంటలను రాత్రి రెండు తర్వాతే వాడుకోండి: మొదటి రాత్రి హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు దిగి మేడ్చల్ దాటాక, రెండో రాత్రి సాగర్ దాటాక, వెలుతురున్న పెట్రోల్ బంకులో. 70 వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 58 మీటర్లు ఎవరి చేతుల్లోనూ లేకుండా పోతుంది. ఆవలింతలు, గడిచిన ఊరు గుర్తు లేకపోవడం, చక్రం గీత మీదికి పోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపేయాలి. గుట్కా, టీ, పాట పెద్దగా పెట్టడం నిద్రను ఆపలేవు. నిద్ర మాత్రం ఇరవై నిమిషాలు పోయినా పనిచేస్తుంది.

ఆగిన ప్రతిసారీ చేతి వెనక భాగాన్ని ప్రతి చక్రం హబ్బుకు (నడిమి భాగానికి) దగ్గరగా పెట్టి వేడి పోల్చండి. ఒకటి మిగతావాటికన్నా బాగా కాగుతుంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉంది, లేదా బేరింగు పోతోంది. ఇది ఒక నిమిషం పని. దీన్ని వదిలేసినప్పుడే చక్రానికి మంటలు అంటుకునేది.

డిసెంబరు, జనవరిలో గ్వాలియర్ దాటాక పొగమంచు దట్టంగా ఉంటుంది. ఆ నెలల్లో ఇంకో నాలుగు గంటలు కలుపుకోండి, లేదా ముందు రోజే ఎత్తండి. మంచులో రోడ్డు అంచున బండి ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. బంకులోకో ధాబాలోకో దిగండి. రోడ్డు మీద చెడిపోతే త్రికోణం వెనక దూరంగా పెట్టి, 1033కు ఫోన్ చేయండి, జాతీయ రహదారి సహాయం అదే.

తిండికి ఇంటి నుంచి జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి, చింతపండు పులుసన్నం తెచ్చుకుంటే మొదటి రోజు గడిచిపోతుంది. కడుపు నిండా తిని వెంటనే చక్రం పట్టవద్దు. ఎండాకాలంలో మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు క్యాబిన్‌లో ఉండాలి.

దించేటప్పుడు

మండీ గేటు దగ్గర చేరిన వేళను ఫోటో తీసి ఏజెంటుకు, యజమానికి వెంటనే పంపండి. దించడం వాళ్ల వల్ల ఆలస్యమైతే హాల్టింగ్ (బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) అడగడానికి, మీరు ఆలస్యం చేశారనే మాట రాకుండా ఉండటానికి ఇదొక్కటే సాక్ష్యం. పట్ట విప్పేటప్పుడు పై వరుస సరుకును ఏజెంటుతోనే చూపించి ఫోటో తీయండి. రసీదు మీద తేదీ, వేళ, దించిన పరిమాణం, సంతకం నాలుగూ పడ్డాకే అక్కడి నుంచి కదలండి. మిగిలిన బాడుగను యజమాని ఇచ్చేది ఆ కాగితం చూసే. తర్వాత బాడీలోని గడ్డి ఊడ్చి, తిరుగు లోడుకు ఫోన్లు చేసేముందు ఇద్దరూ కనీసం ఏడు గంటలు పడుకోండి.