స్టోరేజీ గది అద్దెకు – 4వ పాఠం: తాళం కప్ప

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? గది గొళ్ళేనికి ఉన్న కన్నంలో పెన్సిల్ దూర్చి చూడమన్నాను. మామూలు పెన్సిల్ లావు దాదాపు 7 మిల్లీమీటర్లు. అది బిగుతుగా దూరిందంటే 10 మిల్లీమీటర్ల కడ్డీ ఉన్న కప్ప ఎంత ముచ్చటగా కనిపించినా మీకు పనికిరాదు. వదులుగా ఆడితే ఇంకాస్త లావుది చూడొచ్చు. కన్నంలో పట్టేవాటిలో అన్నిటికన్నా లావు కడ్డీ ఉన్నదే కొనండి.

కడ్డీ అంటున్నది కప్ప పైన వంపు తిరిగి ఉండే భాగాన్ని. షాపుల్లో షాకిల్ అంటారు.

నేను ఇదేమీ చూడలేదు. విశాఖలో మధురవాడ వైపు గది తీసుకున్నప్పుడు ఇంట్లో పడి ఉన్న పాత ఇనప కప్ప పట్టుకెళ్ళి వేసేశాను. చేతిలో పెట్టుకుంటే బరువుగా ఉంది, ఇంకేం భయం అనుకున్నాను. వానాకాలం దాటాక వెళ్తే తాళంచెవి సగం దూరి ఆగిపోయింది. మన ఇళ్ళలో అన్నిటికీ మందు కొబ్బరినూనే కదా, పోశాను. గట్టిగా తిప్పాను. చెవి విరిగి ముక్క లోపలే ఉండిపోయింది. తాళాలు బాగుచేసే అతను ఇనుము కోసే గ్రైండర్ మిషను తెచ్చి కోసేశాడు. నిమిషం కూడా పట్టలేదు! గ్రైండర్‌కి ఆగే కప్ప మామూలు షాపులో దొరకదని ఆ రోజే అర్థమైంది.

కొత్తది కొందామని పూర్ణా మార్కెట్ వైపు వెళ్ళి, అక్కడా ఒక్కొక్కటీ చేత్తో తూచడం మొదలుపెట్టాను. షాపాయన నవ్వాడు. "ఏటి మాస్టారూ, కందగడ్డలు కొంటున్నారా?"

ఆయన ఒక కప్ప తెరిచి కడ్డీని పక్కకి తిప్పి చూపించాడు. పొట్టి కాలు లోపలి వైపు చిన్న గాటు ఉంది. పొడుగు కాలుకీ ఎదురుగా అలాంటి గాటే ఉంది. రెండు గాట్లుంటే కప్ప రెండు వైపులా పట్టుకుంటుంది. ఒక్కటే ఉంటే ఒక్క కాలే బిగుస్తుంది, రెండోది ఊరికే కూర్చుంటుంది. అలాంటివాటిలో చవకరకం అయితే సన్నటి రేకుముక్క దూర్చి కూడా తీసేస్తారట.

రెండో పరీక్ష సందు. కప్ప వేశాక కడ్డీకి, గొళ్ళేనికి మధ్య ఎంత తక్కువ ఖాళీ ఉంటే కడ్డీ కత్తిరించే కట్టర్ దవడలు దూరడం అంత కష్టం. పొడుగు కడ్డీ కప్పలు గేటు గొలుసులకి సరే, మనకొద్దు. కడ్డీ మీద 'హార్డెన్డ్' (గట్టిపరిచిన ఉక్కు) అని చెక్కి ఉందో లేదో కూడా చూడండి.

ఇక ఉప్పుగాలి. విశాఖలో తాళం మీదికి దొంగకన్నా ముందు వచ్చేది అదే. మెరిసే క్రోమ్ పూతకి ఒక గీత పడితే చాలు, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇత్తడి నల్లబడుతుంది, చిలుము పడుతుంది కానీ తుప్పు పట్టదు. అయితే ఇత్తడి కప్పకి కూడా కడ్డీ మాత్రం చాలావరకు ఉక్కుదే. గది లాసన్స్ బే కాలనీ లాంటి చోట, సముద్రం పక్కనే ఉంటే స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి. అందులోనూ 304 నంబరు రకం కన్నా 316 రకం మేలు. 316లో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది కాబట్టి ఉప్పుని బాగా తట్టుకుంటుంది. ధర ఎక్కువే. గది ఊరి లోపలికి ఉంటే ఇత్తడితో సరిపెట్టుకోవచ్చు, నేనూ అదే వాడుతున్నాను.

నంబర్ల తాళాలు నాకు నచ్చవు. చెవి మోయక్కర్లేదు నిజమే, కానీ చవకరకం వాటిలో చక్రాలు తిప్పుతూ చేతి స్పర్శతోనే నంబరు పట్టేయొచ్చు.

కొబ్బరినూనె సంగతి మర్చిపోండి. నూనెకి దుమ్ము అంటుకుని లోపల జిగురులా తయారవుతుంది. గ్రాఫైట్ పొడి వేయండి, పెన్సిల్ ముక్కులో ఉండేది అదే. అది దొరక్కపోతే తాళంచెవి పళ్ళ మీద మెత్తటి పెన్సిల్ ముక్కు రుద్ది నాలుగుసార్లు తిప్పండి.

ఈ వారం పని: ఇంట్లో ఉన్న కప్పలన్నీ తెరిచి గాట్లు లెక్కపెట్టండి. వచ్చే పాఠం గొళ్ళెం మీద. ఈసారి గదికి వెళ్ళినప్పుడు తలుపు మూసి, గొళ్ళెం స్క్రూలు బయటికి కనిపిస్తున్నాయేమో చూసి రండి.