పాత క్యాబినెట్‌లో కొత్త పీసీ బిగించడం ఎలా?

మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ క్యాబినెట్‌ని చూడగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం, ఇందులో ఇప్పటి మదర్‌బోర్డు పడుతుందా అని. చాలావరకు పడుతుంది. అసలు కష్టమంతా గాలి దగ్గరే. 1990ల చివర్లో ఆ డబ్బాలు తయారైనప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కలిపి పుట్టించిన వేడి, ఇప్పటి మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పుట్టించే వేడి కన్నా తక్కువ. వెనక ఒక 80 మి.మీ. ఫ్యాన్, ముందు కాసిని చిల్లులు ఉంటే అప్పటికి సరిపోయేది. అందుకే పార్టులు కొన్నాక కూలింగ్ సంగతి చూద్దాంలే అనుకోకండి. ముందు గాలి దారి తేల్చుకుని, ఆ దారికి అడ్డం రాని పార్టులే కొనండి.

1. క్యాబినెట్ ఏ రకమో చూడండి

వెనక వైపు తిప్పండి. దాదాపు 159 మి.మీ. పొడవు, 44.5 మి.మీ. ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రపు ఖాళీ కనిపిస్తే అది ఏటీఎక్స్. ఇంటెల్ 1995లో తెచ్చిన ఈ కొలతలే ఇప్పటికీ నడుస్తున్నాయి కాబట్టి మీ పని సగం తగ్గినట్టే.

ఆ ఖాళీ లేకుండా కీబోర్డు కోసం గుండ్రటి రంధ్రం మాత్రమే ఉంటే అది అంతకన్నా పాతదైన ఏటీ రకం. ఇక్కడ జాగ్రత్త. ఏటీ క్యాబినెట్‌లో ముందున్న పవర్ బటన్‌కి గోడ ప్లగ్గు నుంచి వచ్చే కరెంటే నేరుగా వస్తుంది. ఆ స్విచ్‌నీ, దాని లావుపాటి వైరునీ పూర్తిగా తీసేయండి. దాన్ని మదర్‌బోర్డుకి కలపాలన్న ఆలోచనే వద్దు.

2000ల మధ్యలో వచ్చిన కొన్ని కంపెనీ కంప్యూటర్లు బీటీఎక్స్ రకం. వాటిలో బోర్డు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, కార్డుల స్లాట్లు అవతలి వైపుకి వస్తాయి. ఇంటెల్ 2006లోనే ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. అలాంటి డబ్బా మీద మీకు ప్రత్యేకమైన మోజు ఉంటే తప్ప వదిలేయడం మేలు.

ఏటీ, బీటీఎక్స్ లాంటి మొండి క్యాబినెట్లకి ఒక చక్కటి ఉపాయం ఉంది. పనికిరాని ఏటీఎక్స్ క్యాబినెట్ ఒకటి సంపాదించి, దాని మదర్‌బోర్డు ప్లేటునీ, వెనక ప్యానెల్‌నీ కోసి పాత డబ్బాలో బిగించడం. స్క్రూ రంధ్రాలు, కార్డుల స్లాట్లు అన్నీ ఒకదానితో ఒకటి సరిపోయి ఉంటాయి. ఒక్కొక్కటీ కొత్తగా కొలిచి రంధ్రం వేసుకోవడం కన్నా ఇదే తక్కువ శ్రమ.

2. అట్టతో కొలవండి

టేపు కొలత కన్నా అట్టముక్క ఎక్కువ నిజం చెబుతుంది. ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. అట్టని ఆ కొలతలకి కత్తిరించి లోపల పెట్టి చూడండి. పవర్ సప్లైకి 150 × 86 మి.మీ. ముఖం, కనీసం 140 మి.మీ. లోతు ఉన్న అట్టపెట్టె చేసుకోండి. లోపలికి దూర్చేటప్పుడు ఎక్కడ తగులుతుందో కొలతల కాగితం చెప్పదు, అట్టపెట్టె చెబుతుంది. నన్ను అడిగితే మైక్రో ఏటీఎక్స్ మంచి రాజీ. బోర్డు కింద 60 మి.మీ. ఖాళీ మిగులుతుంది, వైర్లు దాచడానికి ఆ చోటు బాగా పనికొస్తుంది.

తర్వాత ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు. బోర్డు బిగించే ప్లేటు నుంచి పక్క తలుపు లోపలి వైపు వరకు ఎంత దూరం ఉందో కొలవండి. అందులోంచి స్టాండాఫ్‌లకి (బోర్డు ప్లేటుకి తగలకుండా ఎత్తి పట్టే చిన్న మరల కాళ్లు) 6.5, బోర్డు మందానికి 1.6, సాకెట్‌లో కూర్చున్న ప్రాసెసర్‌కి సుమారు 8 మి.మీ. పోతాయి. తలుపుకి కాస్త ఊపిరాడేలా మొత్తం 20 మి.మీ. తీసేసి, మిగిలినదే మీ కూలర్ గరిష్ఠ ఎత్తు అనుకోండి. నిలువుగా ఎత్తుగా ఉండే మంచి టవర్ కూలర్లు 155 నుంచి 165 మి.మీ. దాకా ఉంటాయి. పాత సన్నటి క్యాబినెట్లలో అంత చోటు చాలాసార్లు దొరకదు.

గ్రాఫిక్స్ కార్డు విషయంలో అందరూ పొడవే చూస్తారు. మందం, వెడల్పు కూడా చూడాలి. ఒక్కో స్లాటుకి మధ్య దూరం 20.32 మి.మీ., అంటే రెండున్నర స్లాట్ల కార్డు దాదాపు 51 మి.మీ. మందం. ఇక పవర్ ప్లగ్గు కార్డు పక్క నుంచి తలుపు వైపుకి పొడుచుకు వస్తుంది. కొత్త 16 పిన్నుల ప్లగ్గు అయితే, వైరు కనీసం 35 మి.మీ. నిటారుగా వచ్చాకే వంగాలి. ప్లగ్గు మొదట్లోనే వైరుని మడిచి తలుపు నొక్కి మూస్తే పిన్నులు సరిగా తగలక వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

3. గాలి దారి గీసుకోండి

ముందు, కింది నుంచి చల్లగాలి లోపలికి. వెనక, పై నుంచి వేడిగాలి బయటికి. ఈ సూత్రం అందరికీ తెలిసిందే. పాత డబ్బాలో దీన్ని అమలు చేయాలంటే మాత్రం కొంత రేకు కోయక తప్పదు.

80 మి.మీ. ఫ్యాన్ కన్నా 120 మి.మీ. ఫ్యాన్ ముఖం 2.25 రెట్లు పెద్దది. అదే గాలిని నెమ్మదిగా తిరుగుతూ, తక్కువ రొదతో తోస్తుంది. వెనక చోటు ఉంటే 120కి పెంచండి, లేకపోతే 92 అయినా పెట్టండి. ఫ్యాన్ ముందు కంపెనీవాళ్లు రేకులో గుద్దిన చిన్న చిల్లులు గాలిని బాగా అడ్డుకుంటాయి. వాటిని మొత్తం కోసేసి పల్చటి తీగ జాలీ పెడితే తేడా చెవికి కూడా తెలుస్తుంది.

పాత క్యాబినెట్‌లో దాగి ఉన్న వరం ఏమిటంటే సీడీ డ్రైవ్‌ల అరలు. ఒక్కో అర ఎత్తు 41.3 మి.మీ., వెడల్పు 146. మూడు అరలు కలిపితే దాదాపు 124 మి.మీ., అంటే 120 ఫ్యాన్ ఒకటి అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది. ముందు మూతల చోట నల్ల జాలీ అతికించండి. బయటి రూపం చెడకూడదు అనుకుంటే పాత సీడీ డ్రైవ్ ముఖాలు మాత్రమే ఉంచి, ముందు ప్లాస్టిక్ అడుగున ఉన్న సందులోంచి గాలి తీసుకోవచ్చు. అయితే ఆ సందు ఎంత ఉందో చూడండి. వేలు దూరని సందులోంచి పెద్ద గ్రాఫిక్స్ కార్డుకి సరిపడా గాలి రాదు.

వాటర్ కూలింగ్ పెట్టాలా? టవర్ కూలర్ పట్టేంత వెడల్పు ఉంటే అవసరం లేదని నా అభిప్రాయం. ఒక్క ఫ్యాన్ ఉన్న 120 మి.మీ. రేడియేటర్ (వేడెక్కిన నీటిని చల్లార్చే భాగం) మంచి టవర్ కన్నా గొప్పగా ఏమీ చేయదు, పైగా అందులో పంపు పాడయ్యే భయం ఒకటి. ఎత్తు చాలనప్పుడు మాత్రం అదే దిక్కు. మామూలు రేడియేటర్ 27, ఫ్యాన్ 25, మొత్తం 52 మి.మీ. మందం వదలాలి. రేడియేటర్ పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉండాలి. లేదంటే లోపలి గాలిబుడగలు పంపులోకి చేరి గుడగుడమంటాయి, పంపు ఆయుష్షు కూడా తగ్గుతుంది.

కొన్ని పాత క్యాబినెట్లలో పవర్ సప్లై సరిగ్గా ప్రాసెసర్ మీదకి వాలి ఉంటుంది. అక్కడ టవరూ కుదరదు, పైపులూ తిరగవు. పొట్టి కూలర్‌తో సరిపెట్టుకుని 65 వాట్ల ప్రాసెసర్ ఎంచుకోండి. లేదా 125 × 63.5 మి.మీ. ముఖం ఉండే చిన్న సైజు ఎస్ఎఫ్ఎక్స్ రకం పవర్ సప్లై కొంటే కొంత చోటు వస్తుంది. క్యాబినెట్‌తో వచ్చిన పాత పవర్ సప్లైని వాడొద్దు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉండొచ్చు కాబట్టి దాన్ని విప్పనూ వద్దు.

4. కోత పని

క్యాబినెట్‌లో ఉన్నవన్నీ బయటికి తీయండి. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. పాత రేకు అంచులు బ్లేడులా కోస్తాయి.

డ్రైవ్‌ల స్టాండు గ్రాఫిక్స్ కార్డుకి అడ్డొస్తే దాని రివెట్ల తలల్ని 4 మి.మీ. డ్రిల్ బిట్‌తో తొలిచేస్తే ఊడి వస్తుంది. కానీ చాలా క్యాబినెట్లకి ఆ స్టాండే వెన్నెముక. తీసేశాక డబ్బా చేత్తో నొక్కితే ఊగుతుంటే ఆ చోట ఒక అల్యూమినియం యాంగిల్ ముక్క బిగించండి.

ఫ్యాన్ రంధ్రానికి ముందు రేకు మీద మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గీయండి. గీత కనిపిస్తుంది, పెయింటూ చెక్కుకుపోదు. 120 ఫ్యాన్‌కి స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మి.మీ., 92కి 82.5, 80కి 71.5. మధ్య గుండ్రం 120 ఫ్యాన్‌కి సుమారు 115 మి.మీ. సెంటర్ పంచ్‌తో గుంట కొట్టాకే డ్రిల్ పెట్టండి, తక్కువ స్పీడులో. కోసిన అంచుని ఆకురాయితో నున్నగా చేసి రబ్బరు అంచు తొడగండి.

ఇనుప రజను చాలా మొండిది. బ్రష్షుతో దులిపాక నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక మళ్లీ ఒకసారి తుడవండి. మడతల్లో మిగిలిన ఒక్క రేణువు బోర్డు మీద పడినా షార్ట్ కావొచ్చు.

5. బిగించడం

ముందు బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, కూలర్ బయటే కలిపి మదర్‌బోర్డు అట్టపెట్టె మీద పెట్టి ఆన్ చేసి చూడండి. లోపల బిగించాక ఆన్ కాకపోతే తప్పు పార్టుదా, క్యాబినెట్‌దా అని తల పట్టుకోనక్కర్లేదు.

స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలు ఉన్నచోటే ఉండాలి. పాత బోర్డు కోసం పెట్టిన స్టాండాఫ్ ఒక్కటి అదనంగా ఉండిపోయినా అది కొత్త బోర్డు వెనక తగిలి షార్ట్ చేస్తుంది. స్క్రూలు కూడా రెండు రకాలు, కాస్త లావుగా ఉండే 6-32, సన్నటి ఎం3. ఒకదానిలో ఇంకోటి బలవంతంగా తిప్పితే మర పోతుంది.

ముందు బటన్లలో పవర్, రీసెట్ ఎటు పెట్టినా పనిచేస్తాయి. ఎల్‌ఈడీ తిరగబడితే వెలగదు, అంతే. పాత పవర్ ఎల్‌ఈడీకి మూడు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, కొత్త బోర్డులకి రెండే కావాలి. సూదితో పిన్నుని బయటికి లాగి పక్క గడిలోకి మార్చండి. ఏటీ క్యాబినెట్‌లో పవర్ బటన్ నొక్కితే లోపలే ఉండిపోయే రకం. పాత కరెంటు స్విచ్ స్థానంలో అలాంటిదే ఇంకోటి పెడితే కంప్యూటర్ ఆన్ అయి, 4 సెకన్లకి బలవంతంగా ఆగిపోతుంది. రీసెట్ బటన్ మాత్రం నొక్కి వదిలే రకం కాబట్టి దాన్నే పవర్ బటన్‌గా వాడుకోవచ్చు. మెగాహెర్ట్జ్ అంకెలు చూపే డిస్‌ప్లే ఉంటే పారేయకండి. అది ఏనాడూ స్పీడుని కొలవలేదు, జంపర్లతో (పిన్నుల మీద తొడిగే చిన్న మూతలు) పెట్టిన అంకెని చూపేది. 5 వోల్టులిచ్చి మీకు నచ్చిన అంకె వెలిగించుకోవచ్చు.

ముందు యూఎస్‌బీ వైర్లు విడివిడి ప్లగ్గులతో వస్తే ఏది 5 వోల్టులో, ఏది గ్రౌండో కచ్చితంగా తెలిసేదాకా కలపకండి. గ్రాఫిక్స్ కార్డు చివర్లో పెట్టండి.

6. తలుపు తెరిచి, మూసి చూడండి

ఫ్యాన్ ఏ వైపు తోస్తుందో అనుమానం ఉంటే గుర్తు ఇది: మోటారుని పట్టుకున్న అడ్డపుల్లలు ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. పల్చటి టిష్యూ పేపరు ముక్క దగ్గర పెట్టినా తెలుస్తుంది.

ఇప్పుడు తలుపు తీసి అరగంట పాటు పూర్తి లోడు పెట్టి (ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ పూర్తి శక్తితో పనిచేసేలా చేసి) ఉష్ణోగ్రతలు రాసుకోండి. తలుపు మూసి మళ్లీ అంతే. తేడా 2, 3 డిగ్రీలైతే బాగుంది. 5 దాటితే లోపలికి వచ్చే గాలి చాలడం లేదు. ఇంకో ఫ్యాన్ పెట్టే ముందు ముందువైపు ఉన్న సందు, జాలీ, డస్ట్ ఫిల్టర్ చూడండి. చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. తలుపు తెరిచినప్పుడు కూడా ప్రాసెసర్ 95 డిగ్రీలు దాటుతుంటే అది క్యాబినెట్ సమస్య కాదు. బహుశా కూలర్ సరిగా కూర్చోలేదు, లేదా ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే థర్మల్ పేస్ట్ సరిగా పరుచుకోలేదు.

అన్నీ సరిచేశాక కూడా మూసిన డబ్బాలో వేడి ఎక్కువగానే ఉంటే గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ని (అది వాడుకునే కరెంటుకి ఉన్న గరిష్ఠ పరిమితి) 80 శాతానికి తగ్గించి మళ్లీ అదే పరీక్ష చేయండి. గేముల్లో వేగం తగ్గేది కొద్దిగానే, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. ఇంకో రంధ్రం కోయడం కన్నా ఇది తేలిక, నచ్చకపోతే మళ్లీ పెంచుకోవచ్చు కూడా.