సరిహద్దు దాటి విశాఖలో మందులు కొనే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని కోరాపుట్ వైపు నుంచి సాలూరు ఘాట్ మీదుగా విశాఖపట్నం వచ్చి, జనరిక్ మందులు చౌకగా అమ్మే జన ఔషధి కేంద్రంలో మందులు కొని అదే రోజు తిరిగి వెళ్లదలచినవారు, కావలసిన మందులు నిల్వ ఉన్నాయో లేదో ముందురోజే ఫోను చేసి కనుక్కోవాలి. అంత దూరం వచ్చి ఉత్త చేతులతో బస్సెక్కినవారిని నేనెరుగుదును.

షెడ్యూల్ హెచ్ అనే ప్రభుత్వ జాబితాలోని మందులను చీటీ లేనిదే అమ్మకూడదు కనుక డాక్టరు చీటీ అసలు ప్రతిని వెంట ఉంచుకోవాలి. చీటీలో కంపెనీ పెట్టిన పేరు మాత్రమే ఉంటే, లోపలి మందు పేరును, మిల్లీగ్రాములను కూడా డాక్టరు చేతనే రాయించుకోవాలి, ఎందుకంటే ఈ కేంద్రాలలో టెల్మిసార్టన్ 40 (బీపీ మందు) వంటి జనరిక్ పేర్లతోనే మందులు ఇస్తారు. ఇంట్లో వాడుతున్న పాత అట్ట ఒకటి తెచ్చుకుంటే ఇంకా మేలు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంటే అది మెల్లగా విడుదలయ్యే మాత్ర అని అర్థం; దానికి బదులు మామూలు మాత్ర తీసుకోకూడదు.

అట్ట మీది బ్యాచ్ నంబరు, గడువు తేదీ బిల్లుతో సరిపోయాయో లేదో కౌంటరు వద్దనే చూసుకోవాలి.

ఇన్సులిన్ నిల్వకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. అయితే ఐసుగడ్డకు నేరుగా తగిలి గడ్డకడితే అది పనికిరాదు కాబట్టి, సీసాకు గుడ్డ చుట్టి ఐసు డబ్బాలో పెట్టాలి, ఆ డబ్బాను బస్సు ఇంజను పక్కన ఉంచకూడదు.